మూసే ముందు లెక్క

కోకాపేటలో మబ్బుల వీపు గోకేంత ఎత్తున్న ఒక టవర్‌లో ఈ మధ్య అల్మారాల పని చేస్తున్నాం. నిన్న పక్క గదిలో నాతో పనిచేసే నర్సింగు పదును పోయిన ఉక్కు పన్నుతో చెక్క కోసే మిషన్ నడిపాడు. టేకు కాలిన వాసన వచ్చింది. కోసిన టేకు వాసన తియ్యగా ఉంటుంది. కాలిన టేకు వాసన గొంతులో ముల్లులా దిగుతుంది. అది తగలగానే నా ఎడమ చేతి చివరి రెండు వేళ్ళ కొసలు జివ్వుమన్నాయి. ఇందులో విశేషం ఏముందంటారా? ఆ రెండు కొసలూ నాకు లేవు. లేని చోట నొప్పి పుట్టడం దేవుడు నాకిచ్చిన ప్రత్యేక సౌకర్యం. ఖాళీ ఇంట్లో కిరాయి కట్టకుండా ఉంటున్నవాడిలా అది అక్కడే కాపురం పెట్టింది, ఖాళీ చేయమంటే చేయదు.

ఆ కాలిన వాసన వెనకాలే నాకు ఇంకో వాసన కూడా వస్తుంది. స్పిరిట్ వాసన. అది కోకాపేటలో లేదు. చందానగర్‌లో, బజారు వెనక ఒక పాత అపార్ట్‌మెంటులో, రూతు సిస్టర్ బాల్కనీలో ఉండేది. ఆవిడ పెద్ద దవాఖానలో ఆపరేషన్ థియేటర్ నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. సొంతూరు ఒంగోలు వైపు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఒకసారి అడిగితే, "రోజూ మనుషుల లోపల ఏముంటుందో చూసేదాన్ని, ఇంక మోజెక్కడుంటుంది అబ్బాయ్?" అన్నారు. సన్నగా, నిటారుగా ఉండేవారు. ఉలి పట్టుకోవాలన్నా ముందు స్పిరిట్‌తో చేతులు తుడుచుకునేవారు. నేను ఈ రోజు వడ్రంగిగా అన్నం తింటున్నానంటే, నాకు పని నేర్పినవాళ్ళు వేరే ఉన్నారుగానీ, ఆ పని నా దగ్గరే ఉండిపోయేలా చేసింది ఆవిడ.

మాది గోపన్‌పల్లి. ఎనిమిదో తరగతిలో లెక్కల సారు, "నువ్వు బడికి రాకపోతే నీకే కాదురా యాదగిరీ, నాకూ మంచిదే" అన్నాడు. గురువు మాట జవదాటకూడదని మానేశాను. వడ్రంగం నేర్చుకున్నాను. మా ఊరి చేలన్నీ అపార్ట్‌మెంట్లయ్యాక ఆ అపార్ట్‌మెంట్లలో అల్మారాలు బిగించే పని బోలెడు దొరికింది. కొండాపూర్‌లో ఒక ఫ్లాటులో వంటింటి తలుపులకు గాడి తీస్తుండగా నా చెయ్యి పోయింది. గాడి తీసే ఆ మిషన్‌ను రౌటర్ అంటారు. ఈ చుట్టుపక్కల రౌటర్ అంటే గోడకు వేలాడే ఇంటర్నెట్ డబ్బా అనుకుంటారు. మాది వేరే. రెండు చేతులతో పట్టుకునే మోటారు, దాని మూతిలో చిన్న ఉక్కు పన్ను. ఆ పన్ను కంటికి కనపడనంత వేగంగా తిరుగుతూ చెక్కను తింటుంది. చెక్కలో ముడి తగిలితే ఎగురుతుంది. ఆ రోజు ఎగిరింది. నొప్పి నాకు గుర్తులేదు. చప్పుడు గుర్తుంది. అరుస్తున్న మిషన్ ఒక్క క్షణం గొంతు మార్చింది. చెక్కను తినేటప్పుడు దానికొక గొంతు, ఎముకను తినేటప్పుడు ఇంకో గొంతు.

గాయం మానాక అందరికీ జోకులు చెప్పాను. గోళ్ళు తీసుకునే పని కొంత తగ్గిందన్నాను. దేవుడికి మొక్కు బాకీ ఉంటే అడ్వాన్సు కింద పట్టుకున్నాడన్నాను. జనం నవ్వారు. కానీ మిషన్ చప్పుడు వినపడితే నా వెన్నులో చన్నీళ్ళు కారేవి. ఈ ఐటీ కారిడార్‌లో మిషన్ అరవని కిటికీ ఏది? కుక్కంటే భయమున్నవాడు కుక్కల సంతలో కాపురముంటే ఎలా ఉంటుందో అలా ఉండేది నా బతుకు. తలుపులకు బందులు, పిడులు బిగించే పనైతే చేస్తానని మేస్త్రీకి చెప్పాను. ఆయన జాలిపడ్డాడు. జాలి కూడా జిగురు లాంటిదే, కొన్నాళ్ళకు ఎండి ఊడిపోతుంది. మిషన్ పట్టని వడ్రంగికి ఈ ఊళ్ళో పని ఉండదు. ఆ సంగతి నాకూ తెలుసు, నా భార్య లక్ష్మికీ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తకుండా జాగ్రత్తగా తిరిగేవాళ్ళం, నిద్రపోతున్న పాము చుట్టూ నడిచినట్టు.

అలా బందు బిగించడానికే మొదటిసారి సిస్టర్ ఇంటికి వెళ్ళాను. వంటింటి అల్మారా తలుపు వేలాడుతోంది. కూర్చుని స్క్రూలు తిప్పుతుంటే ఆవిడ వెనక నిలబడి చూస్తున్నారు.

"ఏవయ్యా, సంచిలో డ్రిల్లు పెట్టుకుని చేత్తో తిప్పుతున్నావేం?"

"మీకు కరెంటు బిల్లు ఎందుకెక్కువ రావాలె సిస్టరమ్మా, అని."

"నా బిల్లు నేను కట్టుకుంటాగానీ, ఏదీ, ఆ చెయ్యి ఇటు చూపించు."

చూపించాను. ఆవిడ నా వేళ్ళను తిప్పి తిప్పి చూశారు, కూరగాయల బండి దగ్గర బెండకాయ చూసినట్టు. "కుట్లు శుభ్రంగా వేశారు. చెయ్యి మానింది," అన్నారు. నా చెయ్యి వదిలేసి, "నువ్వే ఇంకా మానలేదు," అన్నారు. నాకు వెంటనే జోకు తట్టలేదు. అది నాకు చాలా అరుదు. మాట మార్చడానికి అటూ ఇటూ చూస్తే భోజనాల బల్ల మీద ఆకుపచ్చ బట్ట కప్పి ఏదో పడుకోబెట్టి ఉంది. దవాఖానలో ఆ రంగు బట్ట కింద నేనూ పడుకున్నవాణ్ణే కాబట్టి రెండడుగులు వెనక్కి వేశాను.

"శవమా ఏంది సిస్టరమ్మా?"

"ఇంకా పుట్టలేదు," అని బట్ట తీశారు.

గిటారు ఆకారంలో కోసిన టేకు దిమ్మ. పక్కన ఆకురాయితో అరగదీసి నున్నగా చేసిన గిటారు మెడ. చేసింది ఆవిడే. వయసులో ఉన్నప్పుడు చర్చిలో పెద్ద బొజ్జ గిటారు వాయించేవారట. భుజం పట్టేశాక ఆ బొజ్జ మీంచి చెయ్యి వేయడం చేతకాలేదు. బొజ్జ లేని కరెంటు గిటారు నిండు దిమ్మ, మెడకు తగిలిస్తే బండరాయి మోసినట్టుంటుంది. అందుకని ఈ రెండింటికీ మధ్యరకం కావాలనుకున్నారు. సన్నటి ఒళ్ళు. మధ్యలో దూలంలా చెక్క వదిలేసి, రెండు పక్కలా గుల్ల చేసి, పైన పల్చటి పలక మూత వేస్తారు. తీగల కింద అయస్కాంతాలు బిగించి వైరు పెడితే స్పీకర్లో మోగుతుంది. వైరు లేకపోయినా గదిలో ఒక మనిషికి వినపడేంత పలుకుతుంది. "ఆ ఒక్క మనిషీ నేనే," అన్నారు.

"గింత కష్టమెందుకు? కొనుక్కుంటే అయిపాయె గద."

"కొనుక్కుంటే బెంచీ ఏవవుతుంది?"

ఆ దిమ్మ ఒక చర్చి బెంచీ. పాత బెంచీలు తీసేసి ప్లాస్టిక్ కుర్చీలు వేసినప్పుడు తాను కూర్చునే బెంచీని అడిగి తెచ్చుకున్నారు. దాని పలకలే అతికించి దిమ్మ చేశారు. అలాంటిది ఇంకోటి లేదు. అక్కడిదాకా అంతా చేతి రంపంతో, ఆకురాయితో చేసుకొచ్చిన ఆవిడ, గుల్ల చేసే దగ్గర ఆగిపోయారు. ఎందుకాగారో అప్పుడు చెప్పలేదు. చర్చి అయ్యాక ఆదివారం వచ్చి గుల్ల చేసి పెట్టమన్నారు, అంతే.

నేను వెళ్ళింది ఉలితో చేద్దామని. సగం పని ఉలితో బాగానే జరిగింది. ఎడమ పక్క గుల్ల చేసేశాను, దూలం వైపు గోడ నిటారుగా వచ్చింది, నా అంతటివాడు లేడనుకున్నాను. కింది ఫ్లాటాయనకు మాత్రం నచ్చలేదు. ఆయన ఇంట్లో కూర్చునే ఆఫీసు పని చేసుకుంటాడు, ఆదివారం కూడా మీటింగులే. చెవుల్లో ఆ తెల్ల గింజలు పెట్టుకునే పైకొచ్చాడు.

"సిస్టర్, నేను మాట్లాడుతుంటే మీ ఇంట్లో గుడి కడుతున్నారా అని అవతలివాళ్ళు అడుగుతున్నారండి."

"గుడి కాదు సార్, చర్చి," అన్నాను. ఆయన నవ్వలేదు. నవ్వు కూడా ఆఫీసు వేళల్లోనే అనుమతిస్తారేమో.

కుడి పక్క మొదలుపెట్టాను. అక్కడ ఒక ముడి ఉంది. రెండో దెబ్బకో మూడో దెబ్బకో ఉలి కింద ఎప్పుడూ వచ్చే టక్ రాలేదు. టిక్ అంది. వడ్రంగికి ఆ చప్పుడు బాగా తెలుసు. వంగి చూస్తే ముడి దగ్గర మొదలై దూలం వైపు వెంట్రుకంత పగులు. సిస్టర్ కూడా వంగి చూశారు.

"ఇంకో దెబ్బ పడితే?"

"దూలం చీలుతది. ఇగ పొయ్యిలకే."

"దెబ్బ తగలకుండా చెక్క తీసే సాధనం ఏదైనా ఉందా మీ దగ్గర?"

ఉందని ఆవిడకు తెలుసు. నేను వాడకుండా మోసుకు తిరిగే నా సంచిలోనే రౌటర్ ఉందనీ తెలుసు. నేను బాల్కనీలోంచి బయటికి చూశాను. ఎదురుగా కడుతున్న భవనంలో సరిగ్గా అప్పుడే ఎవడో రౌటర్ నడపడం మొదలుపెట్టాడు. దేవుడు ఒక్కోసారి నాకంటే పాడు జోకులు వేస్తాడు.

తరవాతి ఆదివారం ఆవిడ బల్లను థియేటర్‌లా సర్దారు. ఆకుపచ్చ బట్ట పరిచి, దాని మీద పనిముట్లన్నీ వరసగా పేర్చారు. ఒక్కోటీ పైకి పేరు చెప్పి లెక్కపెట్టారు. నా చేత చేతులు కడిగించారు. చొక్కా చేతులు మడిచి తాడుతో కట్టారు. కోత మొదలుపెట్టే ముందు థియేటర్‌లో అందరూ ఆగి, ఎవరికి, ఏ పక్క, ఏం చేయబోతున్నామో, ఏం చెడొచ్చో పైకి చెప్పుకుంటారట. నా చేత చెప్పించారు.

"పేషెంటు ఎవరు?"

"బెంచీ సిస్టరమ్మా. క్రైస్తవుడే."

"ఏ పక్క?"

"కుడి పక్క."

"ఏం జరగొచ్చు?"

"కింది సారు మీటింగు పాడుకావొచ్చు."

ఆవిడ నవ్వలేదు. "మళ్ళీ చెప్పు. ఏం జరగొచ్చు?"

నాకు ఇంకో జోకు నోటిదాకా వచ్చింది. ఆవిడ కళ్ళు చూసి మింగేశాను. "మిషన్ ఎగరొచ్చు," అన్నాను. ఆవిడ ఎదురుచూస్తున్నారు. "వేళ్ళు పోవచ్చు," అన్నాను. ఆ మాట నేను అంతకుముందు ఎవరి దగ్గరా అనలేదు. ఎంత చిన్న మాటో చూడండి.  మిషన్ మీద చెయ్యి వేశాను. అరచేయి తడిసి జారిపోతోంది. స్విచ్చు మీద బొటనవేలు పెట్టాను, అది నా వేలు కానట్టు కదలలేదు. చెవుల్లో ఆ రెండో గొంతు, ఎముక గొంతు, మిషన్ ఆన్ చేయకముందే వినిపించింది.

"జర సిగరెట్ తాగొస్త," అని చెప్పి మెట్లు దిగాను. నాకు సిగరెట్ అలవాటు లేదని ఆవిడకు తెలుసు. మళ్ళీ పైకి వెళ్ళలేదు. ఆ తరవాతి ఆదివారాలు ఫోన్ ఆఫ్ చేసి పడుకున్నాను. ఒక రోజు లక్ష్మి అన్నం వడ్డిస్తూ, "నిద్రల ఆ చెయ్యి ఎందుకయ్యా దాసుకుంటవు? నేనేమన్న తింటనా?" అంది. 

అప్పుడొక రోజు మధ్యాహ్నం మా గల్లీలో ఆటో ఆగింది. రూతు సిస్టర్ దిగారు. రెండు చేతులా ఆకుపచ్చ బట్ట మూట, చంటిపిల్లను పట్టుకున్నట్టు. లోపలికొచ్చి దాన్ని మా మంచం మీద పడుకోబెట్టి, తన చేతిసంచి పక్కన పెట్టి కూర్చున్నారు. మిషన్ గురించి ఒక్క మాట ఎత్తలేదు. గోపన్‌పల్లి ఇంత మారిపోయిందేమిటని ఆశ్చర్యపోయారు. మా చిక్కుడు పాదు బాగుందన్నారు. లక్ష్మి చాయ్ తెచ్చిచ్చింది.

అప్పుడు చూశాను. ఆవిడ కుడి చేత్తో కప్పు ఎత్తారు. కప్పు సాసర్ మీద గలగలమంది. ఆగలేదు. చాయ్ అంచు దాటి సాసర్‌లో పడింది, సాసర్‌లోంచి చీర మీద పడింది. ఆవిడ కంగారుపడలేదు. కప్పు దించి, ఎడమ చేత్తో కుడి చేతిని ఒళ్ళో పట్టుకుని కూర్చున్నారు, అల్లరి పిల్లాణ్ణి పట్టుకున్నట్టు. ఆవిడ ఇంట్లో ఎన్నిసార్లో చూసిన చేతులే. స్పిరిట్‌తో తుడుచుకుంటున్నప్పుడో, ఏదో ఒకటి గట్టిగా పట్టుకుని ఉన్నప్పుడో చూశాను కాబట్టి తెలియలేదు. ఏదో ఒకటి గట్టిగా పట్టుకుని ఎందుకుండేవారో అప్పుడు తెలిసింది.

"థియేటర్‌లో ఇది మొదటిసారి వణికిన రోజునే నేను బయటికొచ్చేశాను," అన్నారు. "ఎవరూ చూడలేదు. ఎవరూ పొమ్మనలేదు. కత్తెర అందించే చెయ్యి వణికితే లోపలున్న మనిషికి ప్రమాదం. ఇంటికొచ్చి తలుపేసుకుని కూర్చున్నాను. భయమేసింది అబ్బాయ్. ఇప్పటికీ పొద్దున్న లేవగానే ముందు చెయ్యి చూసుకుంటాను, నిన్నటికంటే ఎక్కువుందా తక్కువుందా అని. తీగ మీటే ఓపిక దీనికి ఇంకెన్నాళ్ళుంటుందో డాక్టర్లూ చెప్పలేదు. అది పోకముందు ఒక్కసారి వాయించాలని ఉంది."

లక్ష్మి నా వైపు చూసింది. నేను మంచం మీది మూట వైపు చూశాను. ఏదో ఒకటి అనకపోతే ఏడుస్తానని భయమేసి, "మీకు చెయ్యి వణుకుతది, నాకు గుండె వణుకుతది. ఇద్దరిని కలిపితే ఒక్క పూరా ముసలోడు తయారైతడు సిస్టరమ్మా," అన్నాను. ఆవిడ నవ్విన నవ్వుకు మా పక్కింటివాళ్ళు తొంగి చూశారు.

ఆ ఆదివారం వెళ్ళాను. ధైర్యం వచ్చి వెళ్ళలేదు, ఆ మాట ముందే చెబుతున్నాను. దారి పొడుగునా ఆటో చెడిపోవాలని, వాన పడాలని, కరెంటు పోవాలని మొక్కుకుంటూ వెళ్ళాను. నా మొక్కులు ఎప్పుడు చెల్లాయి గనక. కరెంటు నిండుగా ఉంది. దిమ్మను బల్లకు క్లాంపులతో బిగించాను. పేషెంటు ఎవరు, ఏ పక్క, ఏం జరగొచ్చు, అన్నీ చెప్పాను. ఈసారి జోకు కలపలేదు. అప్పుడు సిస్టర్ బాల్కనీ తలుపు పక్కనున్న గోడ స్విచ్చు దగ్గరికెళ్ళి, దాని మీద చెయ్యి పెట్టి నిలబడ్డారు.

"నువ్వు 'ఆపు' అంటే ఆపేస్తాను. ఎందుకని అడగను. ఎన్నిసార్లన్నా సరే."

మిషన్ అరిచింది. చెక్కకు తాకించకముందే "ఆపు!" అన్నాను. ఆగింది. అడగలేదు. మళ్ళీ మొదలుపెట్టాం. పన్ను గోటి మందం దిగింది. "ఆపు!" ఆగింది. కరెంటు తీసేసినా ఆ పన్ను వెంటనే ఆగదు. కొంతసేపు దాని కోపం దానికుంటుంది, ఉస్సుమంటూ తిరుగుతూనే ఉంటుంది. అది పూర్తిగా ఆగేదాకా నేను ఊపిరి తీసుకునేవాణ్ణి కాదు. మళ్ళీ. ఆపు. మళ్ళీ. ఒకసారి చెమట కంట్లో పడిందని ఆపమన్నాను. ఒకసారి పావురం ఎగిరిందని. ఒకసారి ఏ కారణమూ లేదు, ఆవిడ నిజంగా ఆపుతారా లేదా అని. ఆపారు. ఆవిడ మొహంలో విసుగు కోసం వెతికాను. ఉంటే దాని మీద అలిగి మెట్లు దిగిపోవచ్చు కదా. లేదు. వణికే చెయ్యి స్విచ్చు మీద ఉంది, కళ్ళు నా చేతుల మీద ఉన్నాయి.

ముడి దగ్గరికొచ్చాక మిషన్ గొంతు మారింది. నా కళ్ళ ముందు కొండాపూర్ వంటిల్లు తిరిగింది. నోరు తెరిచాను. "ఆపు" అనడానికే తెరిచాను. మాట రాలేదు. ఆవిడ ఆపలేదు కూడా. నేను అంటేనే ఆపుతానన్నారు, నేను అనలేదు. మిషన్ ఎగరబోయింది, రెండు చేతులూ దాన్ని అదిమిపట్టాయి. ఎవరి చేతులో నాకు తెలియదు. ముడి పొట్టు పొట్టుగా రాలిపోయింది. పగులు దూలం దాకా రాకముందే చెక్కతో పాటు పోయింది. కాలిన వాసన వచ్చింది. ఈసారి చెక్క మాత్రమే కాలింది.

"ఆపు," అన్నాను. ఆపారు. కింద కూర్చుండిపోయాను. ఆవిడ స్పిరిట్ దూది తెచ్చి, పక్కన కూర్చుని నా వేళ్ళు ఒక్కోటీ తుడిచారు. అన్నీ ఉన్నాయా లేదా అని చూస్తున్నట్టు.

"భయం పోయిందా?"

"లేదు సిస్టరమ్మా."

"మంచిది. పోతే ఇంకో రెండు వేళ్ళు పోతాయి."

పైపలక మూత వేసే రోజున మాత్రం నా ప్రాణం మీదికి తెచ్చారు. పల్చటి పలక, దాని మీద రెండు పక్కలా ఇంగ్లీషు ఎఫ్ అక్షరంలా వంపు తిరిగిన రంధ్రాలు. దిమ్మ అంచుల మీద, దూలం మీద బంక పూశాను. థియేటర్ ఆచారం ప్రకారం, మూసే ముందు పనిముట్ల లెక్క కలవాలి. ఆవిడ బట్ట మీదున్నవి ఒక్కోటీ పేరు చెబుతూ లెక్కపెడుతున్నారు. బంక ఆరిపోతోందన్న తొందరలో నేను ఆగలేదు. పలక పెట్టేసి క్లాంపులు బిగించేశాను.

"పెన్సిలు లేదు," అన్నారు.

"ఏడనో పడుంటది సిస్టరమ్మా."

"లెక్కలో ఉంది. బట్ట మీద లేదు. తియ్యి."

"బంక పట్టేసింది! ఇప్పుడు తీస్తే పలక చిరుగుతది. చిన్న పెన్సిల్ ముక్కనే గద, లోపలుంటే తర్వాత రంధ్రంలకెల్లి గుంజుత."

"కడుపు మూశాక వెతకడం నా దగ్గర లేదు. తియ్యి, యాదగిరీ."

ఆ గొంతు నేను అంతవరకూ వినలేదు. ఆ గొంతుకు ఎంతమంది డాక్టర్ల చేతులు ఆగిపోయి ఉంటాయో. క్లాంపులు విప్పాను. సన్నటి కత్తిని అంచున దూర్చి బెత్తెడు బెత్తెడుగా లేపాను. పలక కిర్రుమన్నప్పుడల్లా కత్తి ఆపి అంచు చూసుకున్నాను. ఇన్ని వారాల భయం, ఇంత బెంచీ, ఆవిడ చేతికి మిగిలిన ఓపిక, అంతా ఆ కత్తి కొస మీద ఉంది. పలక లేచింది. చిరగలేదు. లోపల చూశాం. ఎడమ గుల్లలో ఏమీ లేదు. కుడి గుల్లలో ఏమీ లేదు. కింద, బల్ల కింద, పూలకుండీల వెనక, ఎక్కడా లేదు. నేను నుదుటి చెమట తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తాను. చెవి దగ్గర చేతికి ఏదో తగిలింది.

పెన్సిలు నా చెవి మీద ఉంది. ప్రతి వడ్రంగికీ ఉండే చోటే.

ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. తిడతారనుకున్నాను. ఆవిడ నా చెవి మీంచి పెన్సిలు తీసి, ఆకుపచ్చ బట్ట మీద దాని చోట్లో పెట్టి, "పెన్సిలు," అని లెక్క పూర్తి చేశారు. "ఇప్పుడు లెక్క కలిసింది. బంక గీకి, మళ్ళీ పూసి మూసెయ్యి."

ఆ తరవాత నాకొక అనుమానం పట్టుకుంది. ఆవిడ నాకు ఎదురుగానే ఉన్నారు కదా, చెవి మీది పెన్సిలు కనపడదా? చూసి కూడా నా చేత విప్పించారా? ఒకసారి అడిగేశాను. "నా కళ్ళు చెక్క మీదున్నాయి అబ్బాయ్. నీ మొహంలో చూడ్డానికంత అందం ఏముంది?" అన్నారు. ఆ జవాబుతో అసలు సంగతి ఇప్పటికీ నాకు తేలలేదు.

లోపలి వైర్లు ఎక్కించడం ఆవిడ విద్య. మూత వేసేశాం కదా, శబ్దం పెంచి తగ్గించే గుండీలూ వైర్లూ ఆ ఎఫ్ రంధ్రంలోంచే లోపలికి పంపి, వాటి వాటి బెజ్జాల్లోంచి పైకి లాగాలి. ఒక్కోదానికీ దారం కట్టి ఎలా లాగాలో ఆవిడ చెబుతుంటే నేను లాగాను. "మెల్లిగా. పేగు లాగుతున్నాననుకో," అనేవారు. నాకు రెండు రోజులు అన్నం సహించలేదు.

గిటారు పూర్తయ్యాక ఒక ఆదివారం నన్నూ లక్ష్మినీ చర్చికి రమ్మన్నారు. వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. ముందు వరసలో పాడే పిల్లల పక్కన ఆవిడ గిటారు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మిషన్ ముందు కూడా నాకంత భయం వేయలేదు. పలక ఊడితే? తీగ తెగితే? ఆవిడ ఎడమ చెయ్యి తీగలు నొక్కింది. కుడి చెయ్యి తీగల మీదికి వచ్చి గాలిలో ఆగింది. వణుకుతోంది. అంత దూరం నుంచి కూడా కనపడుతోంది. పాడేవాళ్ళు ఎదురుచూస్తున్నారు. ఆవిడ ఒక్క మాట "ఆపు" అంటే ఆపేద్దామని నేను కుర్చీ అంచుకు జరిగాను. కానీ ఆపడానికి నా చేతి కింద ఏ స్విచ్చూ లేదు.

ఆవిడ అనలేదు. చెయ్యి దిగింది. బెంచీ పలికింది. మధ్యలో ఒకచోట తప్పు దొర్లింది, ఆగి ఆ ముక్క మళ్ళీ వాయించారు. లోపల ఏదీ గలగలమనలేదు. పాట అయ్యాక వెనక్కి తిరిగి మా వైపు చూసి, ఒక వేలితో తన చెవి తట్టి చూపించారు. లక్ష్మికి అర్థం కాలేదు. నేను నవ్వాను, నవ్వుతుంటే కళ్ళు మసకబారాయి.

చెయ్యి ఒప్పుకున్నన్నాళ్ళు వాయించారు. తరవాత గిటారు చర్చికిచ్చేసి, ఒంగోలులో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయారు. పోయారన్న కబురు నాకు నానక్‌రామ్‌గూడలో పనిలో ఉండగా వచ్చింది. మిషన్ నడుస్తోంది. ఆపమని ఎవరికీ చెప్పకుండా నేనే ఆపేసి, పన్ను పూర్తిగా ఆగేదాకా నిలబడ్డాను. కొన్నాళ్ళకు చెల్లెలు కొరియర్‌లో ఆకుపచ్చ బట్ట పంపించారు. ఇప్పుడు ఏ ఫ్లాటులో పని మొదలుపెట్టినా ముందు అది పరుస్తాను. రంగు వెలిసిపోయింది. ఇంటి ఓనర్లు దాన్ని చూసి ఎవరికైనా బాగాలేదా అని అడుగుతారు.

నిన్న ఆ కాలిన వాసన రాగానే పక్క గదిలోకి వెళ్ళి నర్సింగు దగ్గర మిషన్ తీసుకున్నాను. పన్ను మార్చాను. వాణ్ణి గోడ స్విచ్చు దగ్గర నిలబెట్టాను.

"నేను ఆపు అంటే ఆపాలె. ఎందుకని అడగొద్దు."

"ఏందన్నా, ఇన్నేండ్ల సంది చేస్తున్నవ్, ఇంక భయమేనా?"

"ఏం జరగొచ్చో చెప్పు ముందుగాల."

వాడు నవ్వి, కోకాపేట మొత్తం కూలిపోవచ్చన్నాడు. నేను నవ్వకుండా నిలబడ్డాను. వాడు నా చెయ్యి చూశాడు, నవ్వు ఆపాడు. "మిషన్ ఎగరొచ్చు అన్నా," అన్నాడు మెల్లగా. మొదలుపెట్టాం. లేని వేళ్ళ కొసలు పని అయిపోయేదాకా జివ్వుమంటూనే ఉన్నాయి.

అల్మారా వెనక చెక్క బిగించే ముందు బట్ట మీదివన్నీ పేరు పేరునా లెక్కపెట్టాను. పెన్సిలు తక్కువ వచ్చింది. లోపల వెతకబోయిన నర్సింగును ఆగమని, ముందు నా చెవి తడుముకున్నాను.